కావున సిద్ధించెను

మా సాలెవాడలో శంకరవ్వ గురించి ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. హైదరాబాదు నుంచి టపాలో మంత్రాలు తెప్పించుకుందట. ఇంట్లో మేకు కొట్టి, దారం కట్టి, ముగ్గేసి బాణామతి నేర్చుకుందట. ఆ ముగ్గు తొక్కిన గంగయ్య కోడలికి నోరు పడిపోయిందట. మంత్రం పారకుండా పండ్లు పీకుదామని మగవాళ్లు పోతే, తలుపు వెనక నుంచి చచ్చిన ముసలిదాని గొంతుతో మంత్రం చదివిందట. పట్కారు పట్టుకున్న హనుమండ్లు చెయ్యి అక్కడికక్కడే చచ్చుబడిందట. "బువ్వ గూడ పెండ్లామే తినిపిచ్చిందే, నేను కండ్ల జూసిన" అని బీడీలు చుట్టే చోట ఎవరో ఒకరు అంటారు. వింటున్న పిల్లలు తల్లుల కొంగుల్లోకి దూరతారు.

నేనూ అక్కడే కూర్చుని వింటాను. పదిమందిలో నాకు మాట పెగలదు. కాగితం మీదైతే ఎవరూ నా మొహం చూడరు కనుక, నేను చూసింది ఇక్కడ రాస్తున్నాను.

ఇది జరిగి నాలుగేళ్లయింది. మా ఇంటికీ శంకరవ్వ ఇంటికీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. గోడ పైన మట్టి రాలిపోయిన చోట చెయ్యి పట్టేంత సందు ఉండేది. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆరోది చదవాలంటే చొప్పదండి దాకా నడవాలి. పెద్దమనిషైన పిల్లను అంతదూరం పంపేది లేదన్నాడు బాపు. అప్పటినుంచి ఆ గోడ పక్కన రాట్నం ముందరే నా చోటు. బాపు మగ్గానికి కండెలు చుట్టడం నా పని. నూలు కండె మీదికి ఎక్కుతున్నంతసేపు చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు. కాబట్టి పక్కింట్లో చెంచా కింద పడినా నాకు తెలిసేది.

శంకరవ్వది గోదావరి ఒడ్డున చెన్నూరు. వాళ్ల బాపు ఆమెను ఏడో తరగతి దాకా చదివించాడు. ఉర్దూలో మొదలైన చదువు పోలీసు యాక్షన్ తర్వాత తెలుగులోకి మారింది. మారిన కొద్దికాలానికే పెండ్లి చేసి మా ఊరికి పంపారు. భర్త బాలమల్లు మంచి పనివాడే. కానీ ఇక్కడ చేతిమగ్గం మీద కడుపు నిండదని భీవండికి పోయి కరెంటు మగ్గాల మీద చేరాడు. మొదట్లో పండుగలకు వచ్చేవాడు. తర్వాత ఉత్తరాలొచ్చాయి. తర్వాత అవీ లేవు. అక్కడ ఇంకో ఆమెతో ఇల్లు పెట్టుకున్నాడని భీవండి నుంచి వచ్చినవాళ్లు చెప్పిపోయారు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో మిగిలింది శంకరవ్వ, ఆమె అత్త కమలవ్వ. కమలవ్వకు కండ్లలో పొరలు వచ్చాయి, దారం కనపడదు. వాడలో వాళ్లకూ వీళ్లకూ కండెలు చుట్టిపెట్టి శంకరవ్వే ఇద్దరి పొట్టా నింపేది. నేను ఆమెను వదినె అని పిలిచేదాన్ని.

పొగరాని పొయ్యిలు వేయడం నేర్పడానికి అనసూర్య అనే గ్రామసేవిక అప్పుడప్పుడు మా వాడకు వచ్చేది. ఒకరోజు ఆమె శంకరవ్వ ఇంట్లో కూర్చుని ఉండగా, బెల్లం పొట్లం కట్టి తెచ్చిన కాగితాన్ని శంకరవ్వ విప్పి, చదివి, మడతపెట్టి దాచుకోవడం చూసింది.

"మెట్రిక్ కట్టరాదు శంకరవ్వా? పాసైతే బాలవాడిల పంతులమ్మ నౌకరీ ఇస్తరు. మా ఆఫీసుల ఖాళీలున్నయి, మనుషులే లేరు."

"బడికి ఎట్ల పోతనమ్మా, గీ ఈడుల?"

"నువ్వు బడికి పోవుడెందుకు? బడే నీ ఇంటికొస్తది, టపాల్ల. హైదరాబాదుల ట్యుటోరియలోళ్లు పాఠాలు అచ్చేసి పంపుతరు. ఇంట్ల కూసోని సదువుకో, ప్రైవేటుగ పరీక్ష రాయి."

ఆమె వెళ్లిపోయాక గోడ అవతల చాలాసేపు రాట్నం తిరగలేదు. తర్వాత శంకరవ్వ గొంతు వినపడింది. "అత్తా, నేను సదువుకుంటనే."

"నా పండ్లన్నీ ఊడినంక నీకు సదువు మొలిచిందానే?" అంది కమలవ్వ. నేను ఒక కండె పూర్తిచేసి ఇంకోటి ఎక్కించాక, ఆమె మళ్లీ మెల్లగా అంది: "వాడు రాడు బిడ్డా. నాకెర్కే. నేను సచ్చినంక గీ ఇంట్ల నిన్ను ఎవడు ఉండనిస్తడు? సదువు. గని వాడకు మాత్రం తెల్వనియ్యకు."

తెలియనివ్వకపోవడానికి కారణం ఉంది. తెలిస్తే కులపెద్దలు భీవండికి కబురు చేస్తారు. పెండ్లాం నౌకరీకి పోతుందట అన్న కబురు పోతే, ఇన్నేళ్లూ రాని బాలమల్లు పరుగున వస్తాడు. వచ్చి ఇల్లు అమ్మేసి, తల్లిని తీసుకొని పోతాడు. శంకరవ్వకు ఇక చెన్నూరే గతి. అక్కడా తల్లిదండ్రులు లేరు.

ఆ చలికాలం మొదట్లో పాఠాలు రావడం మొదలైంది. ఆ పాఠాలను శంకరవ్వ రాట్నం తిప్పుతూ పైకి చదివేది. ఎదురుగా అత్తను కూర్చోబెట్టుకొని అప్పజెప్పేది. ఇంకెవరికి అప్పజెబుతుంది? ఒక ముక్క తప్పితే ముసలామె పట్టుకునేది. "నిన్న గట్ల అనలే. 'సమానము' అని ఆడ ఆగినవ్" అనేది. అర్థం తెలిసి కాదు. పాట వినీ వినీ మనకు వస్తుంది చూడండి, అట్లా.

మొదటిసారి గోడ అవతల నుంచి లెక్కల పాఠం విన్నప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. "ఏ త్రిభుజములోనైనను మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములకు సమానము. దత్తాంశము. క ఖ గ ఒక త్రిభుజము. ఉపపత్తి..." చివర్లో గొంతు తగ్గించి, "కావున సిద్ధించెను." అది తెలుగే. కానీ మా తెలుగు కాదు. మాకు మూల తెలుసు, కోణం తెలియదు. సిద్ధించడం అనే మాట మా వాడలో ఎవరైనా విని ఉంటే, అది దయ్యాన్ని దించడానికి వచ్చిన మంత్రగాడి నోటనే విని ఉంటారు.

బొమ్మలు గీయడానికి కాగితం సరిపోయేది కాదు. అందుకని శంకరవ్వ అలికిన నేల మీద సుద్దతో గీసి, తడిగుడ్డతో తుడిచేసేది. గుండ్రం గీయడానికి ఏదో పనిముట్టు కావాలని పాఠంలో రాశారు. అది ఆమె దగ్గర లేదు. నేలలో మేకు కొట్టి, దానికి నూలుపోగు కట్టి, పోగు కొసకు సుద్దముక్క కట్టి తిప్పేది. సాలెవాళ్లకు దారంతో కాని పని ఏముంది? గుండ్రం, దాని లోపల మూడు మూలల గీతలు, ఒక్కో మూలకు ఒక్కో అక్షరం. సందులోంచి చూస్తే నాకు ముచ్చటగానే ఉండేది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం గంగయ్య కొత్తకోడలు నర్మద నిప్పు కోసం వాళ్లింటికి వచ్చింది. తలుపు దగ్గరికి వేసి ఉంది, గొళ్లెం పెట్టలేదు. ఆ పిల్ల తోసుకొని లోపలికి అడుగుపెట్టింది. కాలు సరిగ్గా గుండ్రం మధ్యలో పడింది.

"అయ్యో వదినే, ఏం ముగ్గే గిది? ఇంట్లేస్తరా ఎవలన్న? మేకు గొట్టినవెందుకు?"

"ఏం లేదే, ఊకెనే," అంది శంకరవ్వ, గీతలు కాలితో చెరిపేస్తూ.

ఆ 'ఊకెనే' అన్న మాటే తర్వాత ఎంతో పని చేసింది. ఇంట్లో ఊరికే ఎవరు మేకు కొట్టుకుంటారు?

రెండు మూడు రోజుల్లో నర్మదకు జ్వరం వచ్చింది. జ్వరంలో మాట పడిపోయింది. కండ్లు తెరిచి చూస్తుంది, పిలిస్తే పలకదు. నోట్లో పోసిన నీళ్లు పక్కలకు కారిపోతాయి. మాట పోకముందు ఆమె తన అన్నతో ముగ్గు సంగతి చెప్పింది. అన్న అంటే హనుమండ్లు. మా వాడలోనే ఉంటాడు. తల్లి చచ్చిపోతే చెల్లెను చంకలో వేసుకొని పెంచినవాడు. పొద్దంతా గంగయ్య ఇంటిముందు అరుగు మీద కూర్చుని శంకరవ్వ తలుపు వంక చూసేవాడు. కండ్లు ఎర్రగా ఉండేవి. నీళ్లకు పోయేటప్పుడు నేను ఆ అరుగు ముందు నుంచి తల వంచుకొని నడిచేదాన్ని.

నన్ను కన్న అవ్వే ఆ గోడ పక్క కూర్చోవద్దంది. "గా ఇంటిదిక్కు సూడకు. సూస్తే నీకు గూడ తాకుతది."

"అవి పాఠాలే అవ్వా."

"నీకెట్ల తెలుసు? నువ్వు గూడ నేర్చుకుంటున్నవా ఏంది? గా మాట బయట అన్నవంటే నీ నోట్లె గూడ పట్కారు పెడ్తరు."

ఆ తర్వాత నేను ఎవరితోనూ అనలేదు. పట్కారు అంటే ఏమిటో నాకు తెలుసు. అంతకు ముందటేడు పక్క ఊళ్లో ఒక ముసలి మనిషి మీద బాణామతి మోపి, కమ్మరి పట్కారుతో ముందరి పండ్లు పీకారు. ఆ తర్వాత ఆయన అంగడికి వచ్చాడు. మూతికి తువ్వాల చుట్టుకొని, మిరపకాయల కుప్ప ముందు నిలబడి, వేలితో చూపించి తూకం వేయించుకున్నాడు. తువ్వాల జారినప్పుడు నేను చూశాను. ఆ రోజు నుంచి కల్లోకి ఆ నోరు వచ్చేది.

కులపెద్ద అంతయ్య సంఘం ఇంటి ముందర పంచాయితీ పెట్టాడు. ఆడవాళ్లు దూరంగా నిలబడ్డారు, నేను మా అవ్వ వెనక. శంకరవ్వ మధ్యలో నిలబడి ఉంది. దాచి లాభం లేదనుకుందేమో, పాఠాల కాగితాలు కొంగులో పట్టుకొని వచ్చింది.

"ఏం సదువుతానవు శంకరవ్వా?" అన్నాడు అంతయ్య.

"మెట్రిక్ పరీక్షకు సదువుతున్న, మామా."

"బడి లేదు, పంతులు లేడు. సదువు ఏడికెల్లి వస్తదే?"

"టపాల్ల వస్తది."

గుంపులో నవ్వు లేచింది. "టపాల్ల సదువొస్తదట! ఇగ రేపు పెండ్లాలు గూడ టపాల్ల వస్తరు."

"వస్తే ముందుగాల నీకే రావాలె, ఉన్నది పారిపోయె" అని ఇంకొకడు.

ఆ నవ్వు చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నవ్వేవాళ్లు పండ్లు పీకరు అనుకున్నాను. శంకరవ్వకూ అట్లాగే అనిపించిందేమో, కాగితాలు అంతయ్య చేతికి ఇచ్చింది. ఆయనకు చదువు రాదు. తిప్పి చూశాడు. గుండ్రం, మూడు మూలలు, మూలకో అక్షరం. నవ్వు అక్కడే ఆగిపోయింది. నర్మద చెప్పిన ముగ్గు అచ్చుగుద్దినట్టు అక్కడే ఉంది, అదీ హైదరాబాదు నుంచి వచ్చింది.

"సదువు. ఏమున్నదో అందరు ఇననియ్యి."

ఆమె చదివింది. అది రోజూ చదివే పాఠమే కదా. ఆగాల్సినచోట ఆగుతూ, తప్పు లేకుండా చదివింది. ఆమె ఎంత బాగా చదివితే జనం అంత వెనక్కి జరిగారు.

"కావున సిద్ధించెను."

"ఏం సిద్ధించింది?" అన్నాడు అంతయ్య.

"గదే మామా, మూడు మూలలు గలిపితే..."

"మూలల ముచ్చట ఇడిసిపెట్టు. ఎవల మీద సిద్ధించింది?"

శంకరవ్వకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక, బడిపంతులును పిలిచి అడగమంది.

బడిపంతులును పిలిపించారు. ఆయన కాగితం చేతిలోకి తీసుకొని, అందరి మొహాలూ ఒకసారి చూశాడు. "నేను ఐదో తరగతి దాకా చెప్పేటోణ్ని. గివి నాకు తెల్వయి" అని కాగితం తిరిగిచ్చి వెళ్లిపోయాడు. ఆమె వంక చూడలేదు.

హనుమండ్లు లేచాడు. అంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "తొందరొద్దు. సోమవారం దాకా సూస్తం. సోమవారం అంగడి అయినంక గూడ పిల్లకు నోరు రాకుంటే, పండ్లు తీసుడే. పండ్లు పోతే మంత్రం పారదు, పిల్ల బాగైతది."

పరీక్ష మొదలయ్యేదీ ఆ సోమవారమే, కరీంనగర్‌లో. మొదటి పరీక్ష లెక్కలది. వారమంతా అనసూర్య ఇంట్లో ఉండి రాయాలని ముందే మాట్లాడుకున్నారు. ఆ సంగతి వాడలో మా ముగ్గురికే తెలుసు: శంకరవ్వకు, కమలవ్వకు, గోడ ఇవతల ఉన్న నాకు.

ఆ నాలుగు రోజులూ పక్కింటి పొయ్యి సరిగా వెలగలేదు. శంకరవ్వ పాఠాలు పైకి చదవడం మానేసింది. రాట్నం మాత్రం తిరిగేది. వాళ్ల రాట్నానికి ఒక కీచు ఉండేది. చుట్టు తిరిగినప్పుడల్లా పిల్లికూన అరిచినట్టు. అది ఎవరింటి రాట్నమో కండ్లు మూసుకొని చెప్పొచ్చు. ఆ కీచు కాసేపు ఆగితే చాలు, అరుగు మీద హనుమండ్లు లేచి నిలబడేవాడు.

"నేను పోనత్తా," అంది శంకరవ్వ ఒక పొద్దున. "పోతే తప్పు చేసి ఉరికిందంటరు. ఇంటికి నిప్పు పెడ్తరు."

"పోకుంటే?"

శంకరవ్వ కాగితాలు మడతపెడుతున్న చప్పుడు వినపడింది.

"పోకుంటే నీ పండ్లు పోతయి, పరీక్ష గూడ పోతది. పోతే ఒకటన్న మిగుల్తది. పో."

"నిన్నేమన్న చేస్తే?"

"నా నోట్లె ఏమున్నదని పీకుతరే? చిగుళ్లా?"

శంకరవ్వ నవ్విందో ఏడ్చిందో గోడ ఇవతలికి తేడా తెలియలేదు. కాసేపటికి సందు దగ్గర ఆమె గొంతు వినపడింది. "బాలలక్ష్మీ, ఉన్నవానే? సోమవారం మా రాట్నం ఆగితే వాడంత ఎర్కైతది. జర వచ్చి తిప్పుతవా?"

నేను తల ఊపాను. గోడ అవతలికి అది కనపడదని తర్వాత తట్టింది. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉందని ఊపిరి చప్పుడు చెబుతోంది. చివరికి "వస్త" అన్నాను. అది నాకే వినపడలేదు, ఆమెకు వినపడినట్టుంది.

ఆదివారం అందరూ అన్నాలు తినే వేళ శంకరవ్వ బట్టల మూట నెత్తిన పెట్టుకొని బయలుదేరింది. పైన మాసిన దుప్పటి, లోపల ఉతికిన చీర. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. అరుగు దగ్గరికి వచ్చేసరికి హనుమండ్లు అడ్డం నిలబడ్డాడు.

"ఎటు?"

"వాగుకు. బట్టలు పిండ."

"గింత ఎండలనా?"

"పొద్దున పోతే మీ ఆడోళ్లు నన్ను ఒడ్డుకు రానిస్తరా?"

అతను మూట వంక చూశాడు. చెయ్యి చాచాడు కూడా. ముట్టుకుంటే ఏమవుతుందో అనుకున్నాడేమో, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఆమె నడిచింది. పరుగెత్తకుండా అంత మెల్లగా ఎట్లా నడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. వాగు దాటితే చొప్పదండి బాట, అక్కడ బస్సు. ఆ సాయంత్రం కమలవ్వ ఓపికున్నంతసేపు ఒట్టి చక్రం తిప్పింది; కీచు విని, శంకరవ్వ దొడ్డిదారిన తిరిగొచ్చిందనుకున్నాడేమో, హనుమండ్లు అరుగు మీంచి లేవలేదు.

సోమవారం బాపూ అవ్వా అంగడికి పోయాక నేను దొడ్డిదారిన కమలవ్వ ఇంట్లోకి దూరాను. ఆమె ముందు తలుపుకు గొళ్లెం పెట్టించి, తలుపుకు ఎదురుగా కూర్చుంది. నేను రాట్నం తిప్పడం మొదలుపెట్టాను. చేతులు చెమటకు తడిసి దారం మాటిమాటికీ తెగేది. తెగిన దారం ముడేసేటంతసేపు కూడా కీచు ఆగకూడదని, ఒట్టి చక్రమే తిప్పాను.

పొద్దు వాలే వేళకు వాళ్లు వచ్చారు. ముందు చెప్పుల చప్పుడు. తర్వాత తలుపు మీద దెబ్బ.

"శంకరవ్వా, బయటికి రా."

నేను ఆపబోయాను. "ఆపకు" అని కమలవ్వ పెదవులతో అంది. తిప్పాను.

"నా చెల్లె పొద్దటి సంది కన్ను గూడ తెరుస్తలేదు." అది హనుమండ్లు గొంతు. తలుపుకు మొహం ఆనించి మాట్లాడుతున్నట్టుంది. "నీ కాళ్లు మొక్కుత. తీసెయ్యి. పెట్టింది తీసెయ్యి. తీస్తే నేను నిన్నేమనను. మా అవ్వ సాక్షి."

ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఆమె ఏమీ పెట్టలేదన్నా, దవాఖానకు తీసుకపో అన్నా, నా గొంతు విన్న మరుక్షణం లోపల శంకరవ్వ లేదని తెలిసిపోతుంది. అప్పుడు ఆమెను వెతుక్కుంటూ బాట పట్టి పోతారు. నన్నూ వదలరు. నా పండ్లు నాకు ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తున్నాయి. నాలుకతో తడుముకుంటూ తిప్పాను.

"ఇంక రాదా? నూకున్రిరా తలుపు!" అని వెనక నుంచి ఇంకెవరో అరిచారు.

తలుపు అదిరింది. పైనుంచి మట్టి రాలింది. రెండో దెబ్బకు గొళ్లెం మేకు సగం బయటికి వచ్చింది. అప్పుడు కమలవ్వ నోరు తెరిచింది.

"ఏ తిబుజములోనైనను... మూడు కోనముల మొత్తము..."

పండ్లు లేని నోట్లో మాటలు గాలిలాగా, బుసలాగా వస్తున్నాయి. అక్షరాలు అరిగిపోయాయి, రాగం మాత్రం అట్లాగే ఉంది. అది రోజూ వినే కమలవ్వ గొంతని పక్కనున్న నాకే అనిపించలేదు. బయట చప్పుడు ఆగిపోయింది. ఆమె కండ్లు మూసుకొని, శంకరవ్వ ఆగేచోట ఆగుతూ, ముందుకు వెనక్కి ఊగుతూ చదువుతోంది. దత్తాంశం అయింది. క ఖ గ అయ్యాయి. నేను తిప్పుతూనే ఉన్నాను, ఆపడం చేతకాక.

"కావున సిద్దించెను."

గడప మీద ఇనుము పడిన చప్పుడు వినపడింది. "గొంతు మారిందిరో! ఎవలో ముసలిది పూనింది!" అని ఎవరో అరిచారు. అడుగులు దూరమయ్యాయి. తలుపు సందులోంచి చూస్తే, గడప ముందు పట్కారు పడి ఉంది. వీధి చివర హనుమండ్లు కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకొని పోతున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. అంతే.

"పెద్దవ్వా, గదెందుకు సదివినవ్?" అన్నాను, నాకు మాట వచ్చాక.

"నాకెర్కనా?" అంది కమలవ్వ. ఆమె ఒళ్లంతా తడిసిపోయి ఉంది. "పానం పోతాంటె ఏదన్న అనాలె గద. రామా అందామనుకున్న. నోట్లె గదే వచ్చింది."

మరునాడు పొద్దున నర్మదను ఎడ్లబండిలో వేసి కరీంనగర్ దవాఖానకు తీసుకపోయారు. శంకరవ్వ జోలికి పోవద్దు, పోతే వాడ మిగలదు, డాక్టరు దగ్గరికే పోదామని అంతయ్యే అన్నాడు. జ్వరం తలకెక్కిందని సూదులు వేశారు. కొన్నాళ్లకు మాట వచ్చింది. శంకరవ్వ మంత్రం వెనక్కి తీసుకుందని వాడ అనుకుంది.

వారం తర్వాత శంకరవ్వ వాడ నడిమధ్యనుంచే నడిచి ఇంటికి వచ్చింది. ఏ దారిన పోయిందో, ఎప్పుడు పోయిందో ఎవరూ అడగలేదు. ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. కండెలు చుట్టమని నూలూ ఇవ్వలేదు. కొంతకాలం వాళ్లిద్దరూ ఏం తిన్నారో నాకు తెలుసు. గోడ సందులోంచి నేను ఇచ్చిన జొన్నరొట్టె ముక్కలు కూడా అందులో ఉన్నాయి. నిజం చెబుతానని నేను ఒకసారి అంటే కమలవ్వ నా నోరు మూసింది. "మంత్రం కాదంటే పట్కారు మల్ల లేస్తది బిడ్డా. భయపడనీ. భయమున్నన్ని దినాలు దాని పండ్లు దానికుంటయి."

కమలవ్వ పోయిన ఏడు చనిపోయింది. శంకరవ్వ ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఉంటోంది. అక్కడ జిన్నింగు మిల్లు కూలీల పిల్లలకు బాలవాడి నడుపుతోంది. మరాఠీ మంత్రాలు నేర్చుకోవడానికి పోయిందని మా వాడలో చెబుతారు. నేను ఎదురు చెప్పను. ఆమె ఇక్కడ ఉన్నన్నాళ్లు, పరీక్షకు పోయినప్పుడల్లా వాడంతా తలుపులు మూసుకునేది. ఆమె అన్నిసార్లు ఎందుకు పోతోందని మాత్రం ఆ తలుపుల వెనక ఎవరూ అడగలేదు.

ఆ సోమవారం మొదలైన పరీక్షలో శంకరవ్వ తప్పింది. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. మెట్రిక్ పాసైంది మూడోసారికి.